రైఫిల్‌కు కుదురు: వరద నీట నానిన స్టాక్, మరికొన్ని ప్రశ్నలు

ప్రశ్న (సింగ్‌నగర్, విజయవాడ): నా దగ్గర లైసెన్సు ఉన్న .22 బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా ఇంట్లో నడుము లోతు నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. బీరువాలో నిలబెట్టిన రైఫిల్ ట్రిగ్గర్ పైదాకా మునిగింది. గ్రీజు దండిగా పట్టించి ఉన్నందువల్ల ఇనుప భాగాలు దక్కాయి. డీలరు విప్పి శుభ్రం చేసి, బ్యారెల్ లోపల తుప్పు లేదని చెప్పారు. రైఫిల్ చెక్క భాగమైన స్టాక్‌ను నెల రోజులు ఆరబెట్టి తిరిగి బిగించాను. అప్పటి నుంచి గ్రూపు కుదరడం లేదు. 50 మీటర్ల దూరంలో రూపాయి బిళ్ల కింద దాగే ఐదు తూటాలు ఇప్పుడు అరచెయ్యంత మేర చెదురుతున్నాయి. స్టాక్‌ను పట్టి ఉంచే ముందువైపు మర ఎంత బిగించినా నాలుగు రోజులకు వదులవుతోంది. అరాల్డైట్ జిగురుతో ఇంట్లోనే బెడ్డింగ్ (ఇనుప భాగం స్టాక్‌లో సరిగ్గా కూర్చునేలా చేయడం) చేసుకోవచ్చని క్లబ్బులో ఒక మిత్రుడు అన్నారు. చేయవచ్చా? చేస్తే ఎలా?

జవాబు: మొదటి సగానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే దాన్ని దాటవేసి రెండో సగానికి వెళ్లేవారే ఎక్కువ. 1959 నాటి ఆయుధాల చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం తుపాకుల మరమ్మతుకు వేరే లైసెన్సు కావాలి. మన చేతిలో ఉండే లైసెన్సు తుపాకీని దగ్గర ఉంచుకోవడానికి మాత్రమే. స్టాక్‌లో చెక్క చెక్కి అరాల్డైట్ పోయడం మరమ్మతు కిందికి వస్తుందా రాదా అన్నది మనకు మనం తేల్చుకునే విషయం కాదు. కనుక మరమ్మతు లైసెన్సు ఉన్న డీలరు చేత చేయించుకోండి. లేదా విజయవాడవారు పోలీసు కమిషనర్ కార్యాలయంలోనూ గుంటూరువారు కలెక్టరేట్‌లోనూ కాగితం మీద అడిగి, జవాబు కాగితం మీదే తీసుకున్నాక మొదలుపెట్టండి. డీలరు చేత చేయించుకునేవారికి కూడా కింద రాసినది పనికి వస్తుంది, ఏం చేయమని అడగాలో, చేసినది సరిగా ఉందో లేదో తెలుస్తుంది కనుక.

ఇంగ్లీషులో బెడ్డింగ్ అనే ఈ పనికి మన ఇళ్లలో చక్కని మాట ఎప్పటి నుంచో ఉంది, అది కుదురు. కుండ కింద పెట్టే చుట్టకుదురు కుండను పట్టుకోదు, బిగించదు. కుండ అడుగు ఆకారానికి తాను సరిపోయి ఉంటుంది, అంతే. కుదురు ఒకవైపు ఎత్తుగా ఉంటే ఆ కుండను ఎంత గట్టిగా అదిమినా లాభం లేదు, అదిమినకొద్దీ పగులుతుంది. రైఫిల్‌లోనూ ఇదే జరుగుతుంది. బోల్ట్, ట్రిగ్గర్ అమరే ఉక్కు భాగాన్ని యాక్షన్ అంటారు. దాని కింద చెక్క ఎగుడుదిగుడుగా ఉంటే, మర బిగించిన ప్రతిసారీ ఉక్కు యాక్షన్ వెంట్రుక వాసి వంగుతుంది, పేలిన ప్రతి తూటాకూ ఆ వంపు కాస్త సడలి మరో చోట నిలుస్తుంది, గురి మారిపోతుంది. మర వదులవుతోందని మీరు మరింత బిగించడం అందుకే పనిచేయలేదు. మీ మరకు రోగం లేదు, దాని కింద నలిగిపోతున్న చెక్కకు ఉంది.

అయినా అరాల్డైట్ డబ్బా తెరవడానికి ముందు తప్పు నిజంగా అక్కడే ఉందో లేదో తేల్చుకోండి. టెలిస్కోపు మౌంటు మరలు, బ్యారెల్ కొస అంచు, తూటాల లాటు (ఒకే విడతలో తయారైన సరుకు), ఈ మూడింటిలో ఏది చెడినా గ్రూపు ఇలాగే చెదురుతుంది. పరీక్ష సులువైనదే. మ్యాగజైన్ తీసి, తూటా కూర్చునే చాంబర్ ఖాళీగా ఉందని కళ్లతోనూ వేలితోనూ చూసుకుని, బోల్ట్ ఊడదీసి పక్కన పెట్టండి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. రైఫిల్‌ను నిలువుగా నిలబెట్టి, బ్యారెల్, స్టాక్ ముందు కొస కలిసే చోట ఎడమచేతి చూపుడు వేలిని రెంటికీ తగిలేలా ఆనించి, కుడిచేత్తో ముందు మరను మెల్లగా వదులు చేసి తిరిగి బిగించండి. కుదురు బాగున్న రైఫిల్‌లో వేలికి ఏమీ తెలియదు. బాగా లేనిదానిలో బ్యారెల్ స్టాక్ నుంచి లేచి పడడం, ఊపిరి తీసుకుంటున్నట్లుగా, స్పష్టంగా తెలుస్తుంది. డయల్ గేజ్ దొరికితే అంకె కూడా వస్తుంది: 0.05 మిల్లీమీటరుకు లోపల కదిలితే బెడ్డింగ్ జోలికి వెళ్లనక్కరలేదు, తప్పు ఇంకెక్కడో వెతకండి.

మీ విషయంలో మరో అనుమానం ఉంది. నెల రోజులు ఆరబెట్టానన్నారు; రోజుల తరబడి వరద నీటిలో నానిన దళసరి అక్రోట్ కర్రకు, అందులోనూ వానలు పూర్తిగా వెనుదీయని కృష్ణా తీరంలో, నెల చాలదు. పైన ఆరినట్లు కనిపించినా లోపల చెమ్మ ఉంటుంది, ఆ చెమ్మ పోతున్నకొద్దీ కర్ర ముడుచుకుంటూనే ఉంటుంది. అరాల్డైట్ పోశాక కర్ర ముడుచుకుంటే మొత్తం శ్రమ వృథా. ఇనుప భాగాలు విప్పేసి, స్టాక్‌ను నీడలో, గాలి ఆడే చోట పడుకోబెట్టండి. ఎండలో పెడితే కొసల దగ్గర నెర్రెలిస్తుంది. ప్రతి ఆదివారం వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి, బరువును గోడ క్యాలెండరులో ఆ తేదీ గడిలో రాయండి. వరుసగా మూడు ఆదివారాలు అదే బరువు చూపితే ఆరినట్లు. అంతవరకు లైసెన్సుదారు లాకరులో ఇనుప భాగాలు, బోల్ట్ విడిగా, భద్రంగా ఉండాలి.

ఆరాక, కుదురు ఎక్కడ చెడిందో చూడడానికి ఖరీదైన రంగులేమీ అక్కరలేదు, ఇంట్లో కాటుక చాలు. ఆముదంలో కలిపిన దీపపు మసిని యాక్షన్ అడుగున పలుచగా, వేలితో అద్దినట్లుగా పూసి, స్టాక్‌లో నిటారుగా దించి, మరలు మామూలుగా బిగించి, తిరిగి నిటారుగా పైకి తీయండి. చెక్కకు మసి అంటిన చోటే ఉక్కు ఆనుతోంది. నానిన స్టాక్‌లో సాధారణంగా కనిపించేది ఇది: మర రంధ్రాల చుట్టూ చెక్క గిన్నెలా కుంగి మసి అంటదు, రెండు పక్క గోడల మీద గట్టిగా నల్లటి గీతలు పడతాయి. అంటే యాక్షన్ అడుగున కూర్చోవడం లేదు, పక్కల మధ్య ఇరుక్కుని వేలాడుతోందన్న మాట.

ఇప్పుడు పని. నా అభిప్రాయంలో వరద చూసిన స్టాక్‌కు ఉత్త అరాల్డైట్ పొర చాలదు, మర రంధ్రాల్లో అల్యూమినియం గొట్టాలు కూడా వేయాలి. పిల్లర్లనే ఈ గొట్టాలు ఉంటే మర బిగింపు ఉక్కుకూ అల్యూమినియానికీ మధ్య పడుతుంది, చెక్క నలగదు, చెమ్మకు కర్ర ఉబ్బినా తగ్గినా బిగింపు మారదు. బయటి వ్యాసం 10 నుంచి 12 మిల్లీమీటర్లు, లోపలి రంధ్రం మర మందం కన్నా అర మిల్లీమీటరైనా పెద్దగా ఉండాలి. మర గొట్టం గోడకు తగిలితే వెనుకకు తన్నే తోపును మరే మోయవలసి వస్తుంది. ఆటోనగర్‌లో ఏ లేత్ దగ్గరైనా ఇవి నిమిషాల్లో తయారవుతాయి, కానీ అక్కడికి రైఫిల్‌ను గాని దాని ఏ భాగాన్ని గాని తీసుకెళ్లవద్దు. చట్టం తుపాకీ భాగాలను కూడా తుపాకీలాగే చూస్తుంది. వెర్నియర్‌తో కొలిచి, కాగితం మీద బొమ్మ గీసి, కాగితాన్నే తీసుకెళ్లండి.

స్టాక్ లోపల యాక్షన్ కూర్చునే అడుగు భాగంలో, చాంబర్ కింద బ్యారెల్ మొదటి 30 మిల్లీమీటర్ల మేర, సుమారు 2 మిల్లీమీటర్ల లోతున చెక్కను ఉలితో తీయండి. వెనుక మర దగ్గర కూడా అంతే. మొత్తం తీసేయవద్దు, అక్కడక్కడ పాత ఎత్తును చూపే చిన్న దిమ్మెలు మిగిలితేనే యాక్షన్ పాత ఎత్తులో నిలుస్తుంది. తీసిన చోటు గరుకుగా ఉండాలి, నునుపు మీద జిగురు పట్టదు. అక్కడి పాత నూనె, వార్నిష్ మరకలను థిన్నరు గుడ్డతో తుడిచేయండి. అక్కడి నుంచి ముందుకు సాగే బ్యారెల్ గాడి మాత్రం ఏమీ తాకకుండా ఉండాలి. చాలామంది ఒక్క కాగితం జారితే చాలంటారు. మన గాలి చెమ్మకు అది చాలదు, ఒకటిన్నర మిల్లీమీటర్ల సందు ఉండాలని నేనంటాను. బ్యారెల్ మధ్యలో నిలవడానికి గాడి ముందు కొస దగ్గర దానికి ఇన్సులేషన్ టేపు చుట్టండి.

తరువాతిది అన్నిటికన్నా ముఖ్యమైనది, నేను స్వయంగా దెబ్బతిన్నది. యాక్షన్ మీద ఉన్న ప్రతి రంధ్రం, ప్రతి పల్లం, ట్రిగ్గర్ పిన్ను కన్నాలతో సహా, పిల్లలు ఆడుకునే మైనపు బంకతో పూడ్చి, వేలితో నునుపు చేయాలి. చాలా ఏళ్ల క్రితం గుంటూరులో ఒక పాత రైఫిల్‌కు మొదటిసారి ఈ పని నేర్చుకుంటూ, ఒక్క పిన్ను కన్నం మరిచిపోయాను. అరాల్డైట్ ఆ కన్నంలోకి దూరి లోపల మేకులా గట్టిపడింది. రెండు రోజులు తంటాలు పడి, చివరికి స్టాక్ గోడను ఉలితో చీల్చి యాక్షన్‌ను బయటికి తీశాం. ఆ చీలిక అతుకు ఇప్పటికీ ఆ రైఫిల్ మీద కనిపిస్తుంది. దాన్ని చూపిస్తూనే శిష్యులకు నేర్పుతాను. పూడ్చడం అయ్యాక, అరాల్డైట్ తగిలే అవకాశం ఉన్న ఉక్కు అంతటా, మరల మీదా, రంగు లేని బూట్ పాలిష్‌ను పలుచగా పూసి, ఆరనిచ్చి, మెత్తని గుడ్డతో మెరుగు పెట్టి, మళ్లీ ఒక పూత పూయండి. దట్టంగా పూస్తే కుదురు ఆ మందం మేర వదులవుతుంది. చాలా .22 రైఫిళ్లకు పెద్ద రైఫిళ్లలో ఉండే లగ్, అంటే వెనుకకు తన్నే తోపును మోసే ఉక్కు దిమ్మె, ఉండదు. మీదానికి ఉంటే దాని ముందు, పక్కలు, అడుగు భాగాలకు టేపు అంటించండి, వెనుక ముఖానికి మాత్రం వద్దు. అప్పుడు లగ్ వెనుక వైపే ఆని, విప్పేటప్పుడు సులువుగా పైకి వస్తుంది.

అరాల్డైట్‌లో నిదానంగా గట్టిపడే రకం తీసుకోండి, ఐదు నిమిషాల రకం వద్దు. దానికి సన్నగా తరిగిన గాజు పీచు కొద్దిగా కలిపితే బలం వస్తుంది, ముడుచుకోవడమూ తగ్గుతుంది. కలిపేటప్పుడు మాస్కు, చేతితొడుగులు తప్పవు. రెండు ట్యూబుల పాళ్లు కంటిచూపుతో కాక ప్యాకెట్టు మీద చెప్పినట్లు తూచి కలపండి. గాలి బుడగలు రాకుండా మెల్లగా, ఐదారు నిమిషాలు, గిన్నె అడుగు, అంచులు గీకుతూ కలపాలి. ఇక్కడ మన ఊరి ఎండ సంగతి. రసాయన చర్య వేగం సుమారుగా ప్రతి పది డిగ్రీలకు రెట్టింపవుతుంది కనుక, మే నెల మధ్యాహ్నం బెజవాడలో గంట సమయం ఉందనుకున్న జిగురు గిన్నెలోనే పొగలు కక్కి బండబారుతుంది. ఈ పనికి డిసెంబరు, జనవరి ఉదయాలే మంచివి. ఆ మాటకొస్తే, మామూలు అరాల్డైట్ 60 డిగ్రీల దరిదాపుల్లో మెత్తబడడం మొదలుపెడుతుంది. వేసవిలో తలుపులు మూసి ఎండలో నిలిపిన కారు డిక్కీలో రైఫిల్ వదిలేస్తే, ఎంత శ్రద్ధగా చేసిన కుదురైనా చెడుతుంది.

పిల్లర్లను ముందే రంధ్రాల్లో అంటించి ఆరనిచ్చి, ఆ తర్వాత అరాల్డైట్‌ను చెక్కిన చోట మధ్య నుంచి అంచులకు నింపండి; కొంచెం ఎక్కువే వేయండి, తక్కువైతే బోలు మిగులుతుంది. యాక్షన్‌ను వెనుక కొస ముందు ఆనించి, ముందు కొసను మెల్లగా దించండి. మరలను బిగించవద్దు. ఈ పని పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. తడి జిగురు మీద మర బిగిస్తే యాక్షన్ వంగిన ఆకారానికే అచ్చు పడుతుంది, వంపును శాశ్వతం చేసినట్లవుతుంది. మరలు దారి చూపడానికి మాత్రమే ఉండాలి. పట్టు కోసం పాత సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి, యాక్షన్‌నూ స్టాక్‌నూ కలిపి రెండు మూడు చోట్ల చుట్టండి, ఒత్తిడి సమంగా పడుతుంది. అంచుల్లోంచి పొంగి వచ్చినదాన్ని తడిగా ఉన్నప్పుడే, వెనిగర్‌లో ముంచిన చెవి పుల్లలతో తుడిచేయండి. గట్టిపడ్డాక తుడవడం ఉండదు, గీకడమే.

ఒక పూర్తి రోజు, చలికాలమైతే రెండు రోజులు, కదపవద్దు. విప్పేటప్పుడు మరలు పూర్తిగా తీసి, బ్యారెల్‌ను పట్టుకుని నేరుగా పైకి లాగండి. పక్కకు ఊపితే అంచులు పెచ్చులూడతాయి. రాకపోతే కంగారు పడి సుత్తి తీసుకోవద్దు. ఐసు ముక్కలను ప్లాస్టిక్ సంచిలో కట్టి యాక్షన్ మీద అరగంట ఉంచితే ఉక్కు కాస్త ముడుచుకుంటుంది, ఆ తర్వాత బ్యారెల్ కింద చెక్క సుత్తితో చిన్న దెబ్బ వేస్తే టక్కుమని ఊడి వస్తుంది. ఆ శబ్దం వినగానే కలిగే ఆనందం చెప్పనలవి కాదు. ఐసు నీరు తుడిచి ఉక్కుకు వెంటనే నూనె పట్టించడం మరవకండి. లోపల అద్దంలా యాక్షన్ ముద్ర కనిపించాలి. శనగగింజంత బుడగ గుంటలు ఒకటి రెండు ఉంటే ఫరవాలేదు, అరచదరపు అంగుళం మేర బోలు ఉంటే గరుకు చేసి మళ్లీ పోయాలి. పై అంచుల పదును తీసి, మర రంధ్రాలను తిరిగి శుభ్రంగా తెరవండి, మర ఎక్కడా జిగురుకు తగలకూడదు.

బిగింపు టార్క్ రెంచితో చూసుకోవాలి. పిల్లర్లు వేసిన .22కు 25 ఇంచ్ పౌండ్లు, అంటే సుమారు 2.8 న్యూటన్ మీటర్లు దగ్గర మొదలుపెట్టి, తయారీదారు వేరే అంకె ఇస్తే దాన్నే పాటించండి. వేలి పరీక్ష మళ్లీ చేయండి. ఇప్పుడు బ్యారెల్ కదలకూడదు. ఆ పైన అనుమతి ఉన్న రేంజిలో, పాత లాటు తూటాలతోనే, ఐదేసి తూటాల గ్రూపులు కనీసం ఐదు కాల్చి, ముందున్న కాగితాల పక్కన పెట్టి చూడండి. 50 మీటర్ల రైఫిల్ లక్ష్యంలో పది మార్కులిచ్చే వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు మాత్రమే. ఒక్క గ్రూపు చూసి పొంగిపోవడానికి గాని కుంగిపోవడానికి గాని అది చాలదు.

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట): స్పోర్ట్స్ అకాడమీలో నేర్చుకుంటున్న మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు కూడా బెడ్డింగ్ చేయిస్తే మార్కులు పెరుగుతాయా?

జవాబు: పెరగవు. పోటీల్లో వాడే, సిలిండరులో గాలి నింపే ఎయిర్ రైఫిల్‌కు తన్నే తోపు దాదాపు లేదు. పైగా వాటి స్టాకులు చాలావరకు అల్యూమినియమే. మరలను ప్రతిసారీ ఒకే బిగింపులో ఉంచడం, పెల్లెట్ల లాటు మార్చకుండా ఉండడం, అమ్మాయి నిలబడే తీరు, ఈ మూడే మార్కులు తెచ్చేవి. ఇంట్లో స్ప్రింగుతో పనిచేసే, చెక్క స్టాక్ ఉన్న ఎయిర్ రైఫిల్ కూడా ఉంటే మాట వేరు. స్ప్రింగు ముందుకూ వెనుకకూ రెండుసార్లు కుదుపుతుంది కనుక ముందు స్టాక్ మరలు తరచు వదులై, వాటి టోపీల కింద చెక్క కుంగుతుంది. అక్కడ మాత్రం చిటికెడు అరాల్డైట్‌తో గట్టి పీట వేయండి, చాలు. సిలిండరు చుట్టూ పోయవద్దు.

ప్రశ్న (కొండపల్లి): స్టాక్ విరిగింది. మా ఊరి తెల్లపొణికి కర్రతో కొత్తది చేయించి, దాంట్లో ఎం-సీల్‌తో కుదురు వేయవచ్చా?

జవాబు: రెండూ వద్దు. తెల్లపొణికి కొండపల్లి బొమ్మకు ప్రాణం పోసే కర్ర, ఉలికి వెన్నలా లొంగుతుంది. ఆ లొంగే గుణమే ఇక్కడ దోషం, మర కింద వారానికే కుంగిపోతుంది. టేకు నయం, కాకపోతే దాని సహజమైన నూనె వల్ల జిగురు పట్టదు, పోయడానికి ముందు రెండు మూడుసార్లు అసిటోన్‌తో తుడవాలి. జిట్రేగి (రోజ్‌వుడ్) గట్టిదే, బరువు మోయగలవారికి. ఇక ఎం-సీల్ ముద్ద పైపు లీకుకు బంగారం లాంటిది, కానీ అది పారదు. ఉక్కు ఆకారానికి తానుగా సర్దుకోదు, మనం నొక్కిన చోట ఆని నొక్కని చోట బోలు మిగులుస్తుంది. కార్ల డెంట్లకు వాడే లప్పం ఇంకా చెడ్డది, గట్టిపడేటప్పుడు బాగా ముడుచుకుంటుంది.

ప్రశ్న (తెనాలి): నాన్నగారి నుంచి సంక్రమించిన .315 రైఫిల్, లైసెన్సు నా పేరుకు మారింది. ముందు చెక్క కదులుతోంది. దీనికీ పైన చెప్పిన పద్ధతేనా?

జవాబు: కాదు. ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన .315, లీ-ఎన్‌ఫీల్డ్ అనే పాత బ్రిటిష్ సైనిక రైఫిల్ తరహాది. దాని స్టాక్ ఒకే ముక్క కాదు, ముందు చెక్క వేరు, భుజానికి ఆనే వెనుక మడమ వేరు. తన్నే తోపును ముందు చెక్క వెనుక కొసన ఉండే రెండు చిన్న ఆనికలు మోస్తాయి. అవి రెండు పక్కలా సమంగా ఆనాలి, ఒకటి నలిగితే మీరు చెప్పిన కదలిక వస్తుంది. అక్కడ అరాల్డైట్ పోసి కప్పడం కన్నా, నలిగిన చెక్క తీసి గట్టి కర్ర తునకలు అతకడం మంచిది, అది చేయి తిరిగిన లైసెన్సు పనివాడికే వదలండి. ఆయన దగ్గరికి వెళ్లేలోగా మీరు మాత్రం వెనుక మడమను విప్పబోవద్దు. ఈ తరహా రైఫిళ్లలో మడమ లోపలి పొడవాటి బోల్టుకు ముందు కొస చదరంగా ఉండి ముందు చెక్కలోని పలకలో కూర్చుంటుంది. ముందు చెక్క తీయకుండా ఆ బోల్టును తిప్పితే, ఆ చదరపు కొస ముందు చెక్కను లోపలి నుంచి చీలుస్తుంది. కదిలే చెక్కను బాగుచేయవచ్చు, చీలినదాన్ని మార్చవలసిందే.